వంశవృక్షం – కృత్రిమ మేధ

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. సొంత పేరు తరువాత వస్తుంది. కొన్ని ఇంటిపేర్లు ఊళ్ల పేర్లు. కొన్ని పూర్వికుల వృత్తిని తెలుపుతాయి. మరికొన్ని ఎప్పుడో జరిగిన ఒక సంఘటనను గుర్తుచేస్తాయి. బెంగళూరు వంటి నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ ఇంటిపేరు తరచుగా ఒక్క పొడి అక్షరంగా మిగిలిపోతుంది. బడి హాజరు పట్టీలో పేరుకు ముందుండే ఆ అక్షరం కొందరికి ఇంటిపేరుకు గుర్తు, కొందరికి తండ్రి పేరుకు గుర్తు, మరికొందరికి ఊరి పేరుకు గుర్తు. రెండు మూడు తరాలు గడిచేసరికి ఆ అక్షరం దేనిని సూచిస్తుందో చెప్పగలవారు ఇంట్లో ఒకరిద్దరే ఉంటారు. వారు కూడా దాటిపోతే ఆ కుటుంబం ఎక్కడి నుండి వచ్చింది, ఎందుకు వచ్చింది అనే సంగతులు తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

తెలుగువారికి బెంగళూరుతో సంబంధం చాలా పాతది. 1537లో ఈ నగరాన్ని నిర్మించిన కెంపేగౌడ తెలుగులో 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం రచించినట్లు ప్రసిద్ధి. 1809లో ఆంగ్లేయులు ఇక్కడ దండు ప్రదేశాన్ని ఏర్పాటు చేశారు. సైన్యానికి కావలసిన సరుకులు అమ్మేవారు, ఇళ్లు కట్టేవారు, బట్టలు ఉతికేవారు, బండ్లు తోలేవారు తెలుగు, తమిళ ప్రాంతాల నుండి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. 1864లో బెంగళూరు దండుకు మద్రాసు వైపు నుండి రైలు వచ్చింది. 1876 – 78 నాటి మహాక్షామంలో ఎందరో పల్లెలు వదిలి పట్నాలు చేరారు. తరువాత మిల్లులు, కర్మాగారాలు, ఇటీవలి కాలంలో కంప్యూటరు సంస్థలు మరెందరినో రప్పించాయి. ఇలా వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక కథ ఉంది. కాని దానిని రాసి పెట్టుకున్న కుటుంబాలు తక్కువ.

పూర్వం వంశ చరిత్రను కాపాడేవారు వేరుగా ఉండేవారు. భట్రాజులు రాజుల, సంపన్నుల వంశాలను స్తుతిస్తూ పద్యాలు చదివేవారు. పిచ్చుకగుంట్లవారు రైతు కుటుంబాల ఇళ్ల ముందు నిలిచి వారి గోత్రాలను, ఇంటిపేర్లను, పూర్వికుల కథలను గానం చేసేవారు. కర్ణాటకలో హెళవలు ఇదే పని చేసేవారు. వారు ఎద్దులపై ఊరూరూ తిరుగుతూ, తమ చిట్టాలలో ఆయా కుటుంబాలలో పుట్టినవారి పేర్లను చేర్చుకుంటూ ఉండేవారు. గయ, హరిద్వారం వంటి క్షేత్రాలలో పండాలు యాత్రికుల వంశ వివరాలను బహీలలో నమోదు చేసుకునేవారు. తెలుగు కావ్యాల అవతారికలలో కృతిపతి వంశవర్ణన ఉండడం సంప్రదాయం. అయితే ఈ ఏర్పాట్లు అందరికీ అందలేదు. కూలిపని చేసుకుని బతికిన కుటుంబాల వంశాన్ని కావ్యంలో ఎవరూ వర్ణించలేదు. వారి చరిత్ర అవ్వల, తాతల నోళ్లలోనే నిలిచింది.

ఈ కాలంలో వంశ చరిత్రను వెదికేవారికి ఒక కొత్త సాధనం లభించింది. దానినే కృత్రిమ మేధ అంటున్నారు. వ్యవహారంలో ఏఐ అనే మాట కూడా వాడుకలో ఉంది. మనిషి చదివి, విని, పోల్చి చేసే కొన్ని పనులను కంప్యూటరు చేత చేయించే విద్య ఇది. లక్షలాది చిత్రాలను, మాటలను, వాక్యాలను కంప్యూటరుకు చూపి, వాటిలోని పోలికలను అది గ్రహించేటట్లు చేస్తారు. ఆ పోలికల ఆధారంగా కొత్తగా చూపిన అక్షరం ఏదో, విన్న మాట ఏదో అది ఊహించి చెబుతుంది. 'ఊహించి' అనే మాటను ఇక్కడ ముఖ్యంగా గమనించాలి. ఈ సాధనం వల్ల కలిగే లాభమూ నష్టమూ ఆ మాటలోనే ఉన్నాయి.

కుటుంబ చరిత్ర వెదికేవారికి కృత్రిమ మేధ నాలుగు విధాలుగా ఉపయోగపడుతుంది. మొదటిది పాత కాగితాలను చదవడం. రెండవది ఒక భాషలోని పత్రాన్ని మరొక భాషలోకి మార్చడం. మూడవది పెద్దలు చెప్పిన మాటలను విని అక్షర రూపంలో పెట్టడం. నాలుగవది చెదురుగా దొరికిన వివరాలను వరుసలో పేర్చి, ఎక్కడ పొసగడం లేదో చూపడం.

పాత కాగితాలను చదివే పని ఇతర దేశాలలో చాలా ముందుకు సాగింది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయంలో పెరిగిన ట్రాన్స్‌క్రిబస్ అనే సాధనం వందల ఏళ్లనాటి ఐరోపా చేతిరాతలను చదువుతుంది. ముందుగా కొన్ని పుటలను మనుషులే చదివి రాసి ఇస్తారు. వాటిని చూసి నేర్చుకున్న యంత్రం మిగిలిన పుటలను చదువుతుంది. అమెరికాలో ప్రతి జనాభా లెక్కను 72 ఏళ్లు గోప్యంగా ఉంచి, ఆ తరువాత ప్రజలకు చూపుతారు. 1950 నాటి లెక్కల పుస్తకాలు 2022 ఏప్రిల్ 1న అలా వెలువడ్డాయి. వాటిలో చేతితో రాసిన కోట్లాది పేర్లను ముందుగా యంత్రం చదివింది. తరువాత స్వచ్ఛంద సేవకులు వాటిని సరిచూశారు.

మన దేశంలో పరిస్థితి వేరు. 1948 నాటి జనాభా లెక్కల చట్టం ప్రకారం ఒక్కొక్క ఇంటి వివరాలను ఎవరికీ చూపరు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ వర్తించే చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పుట్టిన చాలామందికి పుట్టిన తేదీ తెలిపే కాగితమే లేదు. అందువల్ల ఇక్కడ వంశ చరిత్రకు ఆధారాలు మరొక చోట దొరుకుతాయి. భూమి పత్రాలు, బడి రిజిస్టర్లు, పెండ్లి పత్రికలు, చర్చిలలోని జ్ఞానస్నానపు పుస్తకాలు, పాత ఉత్తరాలు, రేషను కార్డులు, గుడిగోడల మీద దాతల పేర్లు – ఇవే ఆ ఆధారాలు. బెంగళూరులో కర్ణాటక రాష్ట్ర పత్రాగారం మైసూరు రాజ్యం నాటి ప్రభుత్వ పత్రాలను భద్రపరుస్తోంది. పూర్వం మద్రాసు రాజధానిలో ఉండిన చిత్తూరు, అనంతపురం, బళ్లారి ప్రాంతాల పత్రాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని పత్రాగారంలో ఉన్నాయి. కాబట్టి కుటుంబం ఏ ఊరి నుండి వచ్చిందో తెలిస్తేనే ఏ తలుపు తట్టాలో తెలుస్తుంది. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రంలో చేరింది. అంతకు ముందటి బళ్లారి కాగితాలను మైసూరు పత్రాలలో మాత్రమే వెదికితే ప్రయోజనం ఉండదు.

తెలుగు అక్షరాలను యంత్రం చేత చదివించే కృషి కూడా జరుగుతోంది. హైదరాబాదులోని ఐఐఐటీ పరిశోధకులు చేతితో రాసిన తెలుగు పదాల చిత్రాలను సేకరించి 2018లో పరిశోధనకు అందుబాటులోకి తెచ్చారు. భారతీయ భాషల మధ్య అనువాదం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి అనే వేదికను ప్రారంభించింది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం తెలుగు, కన్నడం మొదలైన భాషలకు అనువాద సాధనాలను తయారుచేసింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వాణి అనే పథకం కింద దేశంలోని జిల్లాలన్నింటి నుండి ప్రజల సహజమైన మాటలను సేకరించే పనిని చేపట్టింది. అచ్చయిన తెలుగును యంత్రం ఇప్పుడు బాగానే చదువుతుంది. వందేళ్ల నాటి గొలుసుకట్టు రాతను చదవడంలో మాత్రం తడబడుతుంది. అటువంటి రాతను దానికి చూపినది తక్కువ.

ఒక ఉదాహరణతో ఈ విషయాన్ని వివరంగా తెలుసుకోవచ్చు. బెంగళూరులో చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున మడతలు పడిన ఒక క్రయపత్రం ఉందనుకుందాం. ఆమె దానిని మంచి వెలుతురులో, నీడ పడకుండా, నిటారుగా ఫోటో తీస్తుంది. కృత్రిమ మేధ సాధనానికి ఆ ఫోటో చూపి, ఉన్నది ఉన్నట్లుగా చదివి రాయమని, అర్థం కాని చోట ప్రశ్నార్థకం పెట్టమని చెబుతుంది. ఇలా స్పష్టంగా చెప్పకపోతే యంత్రం చెరిగిన అక్షరాల స్థానంలో తనకు తోచిన మాటలు చేర్చి, వాక్యాన్ని చక్కగా పూర్తిచేసి ఇవ్వవచ్చు. అప్పుడు ఏది కాగితంలో ఉన్నదో, ఏది యంత్రం చేర్చినదో తెలియదు.

అటువంటి పత్రంలో అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, వారి తండ్రుల పేర్లు, ఊరు, భూమికి నాలుగు వైపులా ఉన్న చెక్కుబందీ, సాక్షుల సంతకాలు, రాసినవాని దస్తూరి ఉంటాయి. సాక్షులు తరచుగా బంధువులే. చెక్కుబందీలో పక్క పొలం దాయాదులది కావచ్చు. ఈ విధంగా ఒక్క కాగితంలో పదిమంది బంధువుల పేర్లు దొరికే అవకాశం ఉంది. అయితే మైసూరు ప్రాంతపు పత్రాలలో రెండు పేర్ల మధ్య 'బిన్' అని రాసి ఉంటుంది. అంటే 'కుమారుడు' అని అర్థం. అలాగే 'కోం' అంటే 'భార్య'. ఈ వాడుక తెలియని యంత్రం 'బిన్' అనే మాటను పేరులో భాగంగా భావించవచ్చు. అప్పుడు తండ్రీకొడుకులిద్దరూ ఒకే మనిషిగా మారిపోతారు. వంశవృక్షంలో ఒక తరం మాయమవుతుంది.

లిపి విషయంలోనూ జాగ్రత్త అవసరం. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. కన్నడ లిపిలో రాసిన తెలుగు పత్రాలు, తెలుగు లిపిలో కన్నడ మాటలు కలిసిన పత్రాలు ఈ ప్రాంతంలో కనిపిస్తాయి. యంత్రం లిపిని చూసి భాష ఇదేనని నిర్ణయిస్తే అర్థం తారుమారవుతుంది. పాత పత్రాలలో అంకెలు కూడా తెలుగులోనే ఉండేవి. ౧౮౯౮ అని ఉంటే 1898 అని చదవాలి. కాలు, అర, ముప్పావు, వీసం వంటి భిన్నాలకు పూర్వం ప్రత్యేకమైన గుర్తులు ఉండేవి. వాటిని చదవగల పెద్దలు ఊళ్లలో ఎవరైనా ఉంటే వారిని అడగడమే మేలు.

కాలగణన మరొక చిక్కు. పెద్దలు పుట్టిన సంవత్సరాన్ని తెలుగు పేరుతో చెబుతారు. ప్రభవ నుండి అక్షయ వరకు గల ఆ పేర్లు అరవై. అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది. "మా జేజినాయన విలంబిలో పట్నం వదిలి ఊరికి పోయినాడంట" అని ఇంట్లో అవ్వ చెప్పిందనుకుందాం. విలంబి 1838లోనూ, 1898లోనూ, 1958లోనూ, 2018లోనూ వచ్చింది. విలంబి అంటే ఏ సంవత్సరమని అడిగితే యంత్రం వీటిలో ఒకదానిని ధీమాగా చెబుతుంది. అది సరైనదే కావాలని లేదు. అవ్వను మరొక్క మాట అడిగితే, "అప్పుడే బెంగళూరులో ప్లేగు వచ్చింది" అనవచ్చు. బెంగళూరులో ప్లేగు వ్యాధి 1898లో ప్రబలింది. ఆ ఒక్క మాటతో సంవత్సరం తేలిపోతుంది. ఇదే విధంగా 'ధాత కరువు' అంటే 1876లో మొదలైన మహాక్షామం. ధాత తరువాత వచ్చిన ఈశ్వర సంవత్సరంలోనూ ఆ కరువు కొనసాగింది. మద్రాసు రాజధాని పత్రాలలో ఫసలీ సంవత్సరం కనబడితే దానికి 590 కలపాలి. ఫసలీ 1310 అంటే 1900 జూలైలో మొదలైన సంవత్సరం. లెక్క కట్టడం యంత్రానికి సులువు. ఏ లెక్కను పట్టుకోవాలో చెప్పేది మాత్రం మనిషి జ్ఞాపకమే.

పేర్ల పోలికలను పట్టడంలో యంత్రం మంచి సహాయకారి. ఇంట్లో మునెప్ప అని పిలిచిన వ్యక్తి ఒక కాగితంలో మునియప్పగా, మరొక కాగితంలో మునిస్వామిగా ఉండవచ్చు. తెలుగు పేరును కన్నడ గుమాస్తా ఒక రకంగా, తమిళ గుమాస్తా మరొక రకంగా, ఆంగ్లేయ అధికారి ఇంకొక రకంగా రాసి ఉంటారు. ఒక పేరు ఎన్ని రకాలుగా రాసే వీలుందో చెప్పమంటే కృత్రిమ మేధ క్షణంలో పెద్ద పట్టిక ఇస్తుంది. ఆ రూపాలన్నింటినీ రిజిస్టర్లలో వెదకవచ్చు. కాని ఇందులోనే ఒక ప్రమాదం పొంచి ఉంది. తెలుగు కుటుంబాలలో తాత పేరు మనుమడికి పెట్టడం ఆచారం. ఒకే ఊరిలో, ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుగల ముగ్గురు ఉండడం వింత కాదు. యంత్రం ఆ ముగ్గురినీ ఒక్కరిగా కలిపివేయవచ్చు. తండ్రి పేరు, భార్య పేరు, భూమి సర్వే నంబరు – వీటిలో కనీసం రెండు కలిస్తేనే ఇద్దరూ ఒకరే అని నిర్ణయించాలి.

బంధుత్వాల విషయం మరింత సున్నితమైనది. పెదనాన్న, చిన్నాయన, మేనమామ, పెద్దమ్మ భర్త, మేనత్త భర్త – ఈ అందరికీ ఆంగ్లంలో 'అంకుల్' అనే ఒక్క మాటే ఉంది. తెలుగులో చెప్పిన కథను యంత్రం ఆంగ్లంలోకి మార్చి, మళ్లీ తెలుగులోకి తెస్తే మేనమామ బాబాయి అయిపోయే ప్రమాదం ఉంది. తల్లివైపు వ్యక్తి తండ్రివైపుకు మారిపోతాడు. మేనరికపు పెండ్లిండ్లు జరిగిన ఇళ్లలో ఒకే వ్యక్తి రెండు బంధుత్వాలతో కనబడుతుంది. ఒకామెకు మేనత్తే అత్తగారు కావచ్చు. వంశవృక్షపు కొమ్మలు ఎప్పుడూ విడిపోతూనే ఉంటాయని అనుకునే యంత్రం, అవి మళ్లీ కలిసినప్పుడు దానిని పొరపాటుగా లెక్కించవచ్చు. కాబట్టి బంధుత్వాన్ని తెలుగు మాటలోనే రాసి ఉంచాలి. అనువదించవలసి వస్తే 'తల్లికి అన్న', 'తండ్రికి తమ్ముడు' అని విడమరచి చెప్పాలి.

వీటన్నింటికంటె పెద్ద ప్రమాదం ఒకటి ఉంది. సంభాషణ రూపంలో సమాధానాలు చెప్పే కృత్రిమ మేధ, ఒక మాట తరువాత ఏ మాట వస్తే సహజంగా ఉంటుందో లెక్కించి వాక్యాలు అల్లుతుంది. అది నేర్చుకున్న పాఠాలలో బెంగళూరులోని ఒక సామాన్య కుటుంబం గురించిన సమాచారం ఉండే అవకాశం చాలా తక్కువ. అయినా "మా ఇంటిపేరు గలవారి చరిత్ర చెప్పు" అని అడిగితే, చాలాసార్లు అది తెలియదని అనదు. ఒక రాజుగారి పేరు, ఒక కోట పేరు, ఒక యుద్ధం చేర్చి వినడానికి ఇంపైన కథ చెబుతుంది. తమ పూర్వికులు గొప్పవారని వినడం ఎవరికైనా ఇష్టమే. ఆ ఇష్టం కొద్దీ ఆ కథను రాసి బంధువులకు పంపితే, పదేళ్ల తరువాత అది ఆ ఇంటి చరిత్రగా స్థిరపడిపోతుంది. రాళ్లు మోసి, బావులు తవ్వి, పిల్లలను చదివించిన నిజమైన ముత్తాత ఆ కల్పిత రాజు వెనుక కనబడకుండా పోతాడు. ఇది ఆయనకు చేసే అన్యాయం.

ఈ ప్రమాదాన్ని తప్పించుకునే మార్గం సులభమే. యంత్రం చెప్పిన ప్రతి విషయానికీ ఆధారం అడగాలి. అది చూపిన పుస్తకం, పత్రం నిజంగా ఉన్నాయో లేదో విడిగా చూడాలి. ఒకే ప్రశ్నను రెండు మూడు విధాలుగా అడిగి, సమాధానాలు మారుతున్నాయేమో గమనించాలి. దాని చేతికి ఇచ్చిన కాగితాలలోని విషయాలను మాత్రమే చెప్పమని హద్దు పెట్టాలి. అన్నింటికీ మించి అసలు కాగితాన్ని కళ్లతో చూసి సరిపోల్చుకోవాలి. కర్ణాటకలో భూమి పహణీలను 2000 సంవత్సరం ప్రాంతంలో 'భూమి' పథకం కింద కంప్యూటరులో ఎక్కించారు. అంతకు ముందటి కాగితాలను కార్యాలయంలో దరఖాస్తు చేసి పొందవచ్చు. నకలు చేతికి వచ్చిన తరువాతనే ఆ వివరం స్థిరమైనదిగా భావించాలి.

కాగితాలు లేని కుటుంబాలు చాలా ఉన్నాయి. భూమి లేనివారికి భూమి పత్రం ఉండదు. బడికి పోనివారి పేరు బడి రిజిస్టరులో ఉండదు. ముఖ్యంగా స్త్రీల పేర్లు పాత పత్రాలలో అరుదు. పెండ్లి తరువాత ఇంటిపేరు మారడం వల్ల వారి పుట్టింటి జాడ త్వరగా చెరిగిపోతుంది. అటువంటి ఇళ్లలో పెద్దల మాటే పత్రం. వారి అనుమతితో ఆ మాటలను ఫోనులో రికార్డు చేసి, వాటిని రాసి పెట్టమని యంత్రానికి అప్పగించవచ్చు. బెంగళూరు తెలుగులో కన్నడ మాటలు, తమిళ మాటలు, రాయలసీమ యాస కలిసి ఉంటాయి. యంత్రం వాటిని సరిగా పట్టుకోలేక వేరే మాటలు రాయవచ్చు. అందుచేత రికార్డు వింటూ ఒక్కొక్క వాక్యాన్ని దిద్దుకోవాలి. అసలు రికార్డును ఎన్నడూ చెరిపివేయరాదు. రేపు ఇంతకంటె బాగా వినగల యంత్రం రావచ్చు. అవ్వ గొంతు మాత్రం మళ్లీ దొరకదు.

పెద్దలను ప్రశ్నించేటప్పుడు తొందర పనికిరాదు. "మన వంశం గురించి చెప్పండి" అంటే వారికి ఏమి చెప్పాలో తోచదు. "మీ చిన్నప్పుడు ఇంట్లో నీళ్లు ఎక్కడి నుండి తెచ్చేవారు?", "మీ పెండ్లికి ఎవరెవరు వచ్చారు?", "ఊరి జాతరకు ఏ గుడికి పోయేవారు?" అని అడిగితే జ్ఞాపకాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పెండ్లికి వచ్చినవారి పేర్లలోనే సగం వంశవృక్షం ఉంటుంది. జాతర జరిగిన గుడి పేరు తెలిస్తే ఊరు తెలుస్తుంది. ఇటువంటి ప్రశ్నల పట్టికను తయారు చేసుకోవడంలో కృత్రిమ మేధ సహాయం తీసుకోవచ్చు. ఏవైనా బాధాకరమైన సంగతులు చెప్పడానికి పెద్దలు ఇష్టపడకపోతే బలవంతం చేయరాదు.

మరొక విషయంలో కూడా జాగ్రత్త వహించాలి. బతికి ఉన్నవారి వివరాలు వారి సొంతం. ఆధార్ సంఖ్య, ఫోను నంబరు, ఆస్తి పత్రాలు, ఆరోగ్య విషయాలు ఇతరుల కంప్యూటర్లలో నడిచే సాధనాలకు ఇవ్వరాదు. క్రయపత్రం ఫోటో పంపేముందు నేటి యజమానుల వివరాలను కప్పివేయాలి. 2023లో భారత ప్రభుత్వం వ్యక్తిగత సమాచార రక్షణకు ఒక చట్టం చేసింది. 18 సంవత్సరాలు నిండనివారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని ఆ చట్టం చెబుతుంది. కాబట్టి విద్యార్థులు ఈ పనిని పెద్దల తోడుతోనే చేయాలి.

సాధనాలు కొత్తవే కాని, చరిత్రను సేకరించే పద్ధతి కొత్తది కాదు. 1799లో టిప్పు సుల్తాను మరణించిన తరువాత కాలిన్ మెకంజీ మైసూరు ప్రాంతాన్ని కొలిచే పనిని చేపట్టాడు. ఆయనకు తోడుగా నిలిచినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు సోదరులు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించాడు. లక్ష్మయ్య మొదలైనవారు ఆ పనిని కొనసాగించారు. వారు, వారి సహాయకులు ఊరూరూ తిరిగి కరణాలను, పూజారులను, వృద్ధులను అడిగి తెలుసుకున్నారు. శాసనాలకు నకళ్లు తీశారు. గ్రామాల చరిత్రలను కైఫీయతులుగా రాయించారు. రెండు వందల ఏళ్లు గడిచినా ఆ కైఫీయతులు తెలుగు గ్రామాల చరిత్రకు ముఖ్యమైన ఆధారాలుగా నిలిచి ఉన్నాయి. బెంగళూరులో 1909లో స్థాపితమైన మిథిక్ సొసైటీ నేడు నగర పరిసరాలలోని శిలాశాసనాలను త్రిమితీయ చిత్రాలుగా కంప్యూటరులో భద్రపరుస్తోంది. కంటికి ఆనని అరిగిన అక్షరాలు కూడా ఆ చిత్రాలలో తేరుకుని కనిపిస్తాయి. నాటివారు కాగితం, కలం పట్టుకుని తిరిగారు. నేటివారి చేతిలో కంప్యూటరు ఉంది. ఊరికి వెళ్లడం, అడగడం, పోల్చడం అనే పనులు మాత్రం మారలేదు.

వంశవృక్షం రాసేవారు ఒక్కొక్క పేరు పక్కన మూడు విషయాలు నమోదు చేయాలి. ఆ సంగతి ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? దానికి కాగితం ఉందా? యంత్రం ఊహించిన విషయమైతే ఆ మాట కూడా స్పష్టంగా రాయాలి. తరువాతి తరం వారు ఆ పుటను చూసినప్పుడు దేనిని నమ్మాలో, దేనిని ఇంకా వెదకాలో వారికి తెలుస్తుంది. పేరు తెలియని చోట ఖాళీ గడిని అలాగే వదలడంలో తప్పు లేదు. ఆ ఖాళీ గడి ఏదో ఒక రోజున చిత్తూరు జిల్లాలోనో, కోలారు జిల్లాలోనో ఒక పల్లెకు వెళ్లి, అరుగు మీద కూర్చున్న ఒక వృద్ధుని అడగడానికి కారణమవుతుంది. అక్కడ వారు తెలుగులో అడిగితే ఆయన తెలుగులో జవాబు చెబుతాడు. ఇంట్లో, బడిలో ఆ భాషను నిలబెట్టుకున్నవారికే ఆ జవాబు పూర్తిగా అర్థమవుతుంది.